తళతళలాడే రాణి రూపాయి: గ్రేడు ఎక్కడ తప్పింది?

ప్రశ్న: చెన్నై పెరంబూరులో ఉంటున్నాను. కొన్ని నెలలుగా ఆన్‌లైన్ వేలాల్లో పాత వెండి రూపాయలు కొంటున్నాను. ఈమధ్య 1862 విక్టోరియా రూపాయిని ‘ఎక్స్‌ఎఫ్’ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అంటే చాలా తక్కువ అరిగినది) గ్రేడని పెడితే రూ. 3,600కు పాడాను. బిల్లు రూ. 4,387 వచ్చింది. నాణెం చూస్తే కొత్త వెండి గిన్నెలా తెల్లగా మెరుస్తోంది. తూకం 11.52 గ్రాములు. తెలిసినాయన ఒకరు చూసి, ‘ఇది ఎక్స్‌ఎఫ్ కాదు, తోమేశారు’ అన్నారు. నేను మోసపోయానా? ఫొటో చూసి గ్రేడు ఎలా పోల్చుకోవాలి? అమెరికా పంపించి గ్రేడింగ్ చేయించవచ్చా? మా అమ్మమ్మ ఇచ్చిన, రామ దర్బారు బొమ్మ ఉన్న 1818 నాటి ఈస్టిండియా కంపెనీ నాణెం కూడా ఒకటి ఉంది. దానికి లక్షలు వస్తాయంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే నాణెం అసలుదే కావచ్చు, గ్రేడే అబద్ధం. ఈ రెండూ వేర్వేరు సంగతులు. నకిలీ వెండిని పట్టుకోవడానికి తక్కెడ, నీళ్ల గ్లాసు చాలు. గ్రేడును పట్టుకోవాలంటే కన్ను అలవాటు పడాలి.

ముందు తూకం చూద్దాం. పాతకాలం వాళ్లు ‘రూపాయెత్తు’ అనేవారు గుర్తుందా? అది ఊరికే వచ్చిన మాట కాదు. 1835 నుంచి వచ్చిన కంపెనీ, బ్రిటిష్ రూపాయి బిళ్ల సరిగ్గా ఒక తులం, అంటే 180 గ్రెయిన్లు, మన లెక్కలో 11.66 గ్రాములు. అందులో వెండి 91.67 శాతం, మిగిలింది రాగి. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46 గ్రాములు. చేతులు మారేకొద్దీ వెండి అరుగుతుంది. మీ నాణెం 0.14 గ్రాము తగ్గింది, అంటే 1.2 శాతం. నిజమైన ఎక్స్‌ఎఫ్ రూపాయి సాధారణంగా 11.6కు అటూ ఇటూగా తూగుతుంది. బాగా తిరిగి అరిగిన నాణేనికి టంకశాల నాటి మెరుపు మిగలదు. కాబట్టి మీరు చూస్తున్న తెలుపు తర్వాత ఎవరో పుట్టించినది. తోమినప్పుడు కూడా కొంత లోహం పోతుంది కనుక ఆ 0.14లో చింతపండు వాటా ఎంతో చెప్పలేం.

మెరుపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ధరలో తేడా అంతా అక్కడే వస్తుంది. అచ్చు దెబ్బ పడ్డప్పుడు వెండి మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనపడనంత సన్నని గీతలుగా, చక్రం ఆకుల్లా, నాణెం మీద నిలిచిపోతాయి. ఒకే బల్బు కింద నాణేన్ని అటూ ఇటూ వంచితే వెలుగు పట్టీలు గిరగిరా తిరుగుతాయి. అదే అసలు మెరుపు. చింతపండు, విభూది, పళ్ల పేస్టు, తినే సోడా, వెండి షాపులో ముంచే ఆసిడ్ ద్రావణం, ఏదైనా ఆ సన్నని గీతలను కోసేస్తుంది. తర్వాత నాణెం తెల్లగా ఉంటుంది గానీ వెలుగు తిరగదు. అద్దంలా అంతా ఒకేసారి మెరుస్తుంది, లేదా సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంటుంది. పూజసామాను తోమినట్టు నాణేన్ని తోమడం మన ఇళ్లలో ప్రేమతో చేసే పనే. పండక్కి లక్ష్మీదేవి ముందు పెట్టే రూపాయి నల్లగా ఉంటే అమ్మకు మనసు ఒప్పదు. వేలంలో మాత్రం అది నాణేనికి తగిలిన దెబ్బగానే లెక్క.

ఇక గ్రేడు. అందరూ వాడే 1 నుంచి 70 లెక్కను 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం కట్టారు. అందులో ఫైన్ అంటే 12, 15. వీఎఫ్ (వెరీ ఫైన్) 20 నుంచి 35. ఎక్స్‌ఎఫ్ 40, 45. ఏయూ (ఎబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అంటే దాదాపు వాడనిది) 50 నుంచి 58. 60 దాటితే వాడకంలోకి రాని నాణెం. మన వేలాల కేటలాగుల్లో అంకె లేకుండా అక్షరాలే ఎక్కువ. పక్కన ఒక ప్లస్సో, ‘ఛాయిస్’ అనో, ‘నియర్’ అనో తగిలిస్తారు. ఆ తోకలను పట్టించుకోకండి, నాణేన్ని మీరే చదవండి.

విక్టోరియా రూపాయిలో మూడు చోట్లు చూడాలి. చెవి మీదుగా పోయే జుట్టు, కిరీటంలోని ముత్యాలు, రవిక ముందు భాగంలోని పూలపని. ఎత్తుగా ఉండేవి ఇవే, ముందుగా అరిగేవీ ఇవే. వీఎఫ్‌లో జుట్టు పాయలు పెద్దవి కనిపిస్తాయి, సన్నవి కలిసిపోతాయి, రవిక పూలు సగం చదునుగా ఉంటాయి. ఎక్స్‌ఎఫ్‌లో పాయలన్నీ విడివిడిగా ఉంటాయి, చదును కొనల మీద మాత్రమే. అక్షరాల సందుల్లో పాత మెరుపు కాస్తయినా దాక్కుని ఉండాలి. ఏయూ అంటే మెరుపు సగానికి పైగా మిగిలి, వేలితో తడిమినంత అరుగుదల కొనల మీద ఉన్నట్టు. ఐదో జార్జి రూపాయిలో కిరీటపు ముత్యాలు, కనుబొమ, చెవి, మెడ చుట్టూ ఉన్న హారంలోని బుల్లి ఏనుగు చూడాలి. ఏడో ఎడ్వర్డుకు కిరీటం లేదు, చెవిపైన జుట్టు, గడ్డం చాలు.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ పడే గుంత ఒకటుంది. కొన్ని నాణేలకు అచ్చు దెబ్బే సరిగా పడదు. జుట్టు చదునుగా ఉంటుంది గానీ అది అరుగుదల కాదు. తేడా మెరుపే చెబుతుంది. చదునుగా ఉన్న చోట కూడా వెలుగు పట్టీ తెగకుండా సాగితే దెబ్బ బలహీనం. అక్కడికి రాగానే వెలుగు ఆగిపోయి బూడిదరంగు నున్నని మచ్చ కనిపిస్తే అరుగుదల. అమ్మేవాళ్లు ప్రతి అరుగుదలనూ ‘వీక్ స్ట్రైక్’ అని రాయడం మామూలే.

ఫొటో విషయానికి వద్దాం. తోమిన నాణేన్ని ఫొటోలో పట్టించే గుర్తు అక్షరాల చుట్టూ ఉంటుంది. మైదానం, అంటే బొమ్మా అక్షరాలూ లేని ఖాళీ చోటు తెల్లగా, అక్షరాల మూలల్లో మాత్రం నల్లటి మడ్డి గట్టుకట్టి ఉంటే చెయ్యి పడిందనే అర్థం. సహజంగా పాతబడిన వెండిలో బూడిదరంగు నుంచి నలుపుకు రంగు మెల్లగా మారుతుంది, గీత గీసినట్టు మారదు. తర్వాత, ఒకే దిక్కుగా సాగిన వెంట్రుకల్లాంటి గీతలు ఉంటే గుడ్డతో రుద్దినట్టు. అక్షరాల అంచులు ఒకవైపు గుండ్రంగా అరిగి, పక్కన లోహం చిన్న గట్టులా పేరుకుంటే తీగ బ్రష్షు వాడినట్టు. ఎదురుగా వెలుగు కొట్టి తీసిన ఫొటోలో ఈ గీతలు కనపడవు. అందుకే పాడటానికి ముందే ఒకే దీపం కింద నాణేన్ని వంచుతూ తీసిన 10 సెకన్ల వీడియో అడగండి. అడిగితే పంపనివాళ్ల దగ్గర ఖరీదైన నాణెం కొనకండి. నాణెం వెనుక ఉన్న కాగితం కూడా చూడండి, కాగితమే నీలంగానో పసుపుగానో ఉంటే నాణెం రంగునూ నమ్మలేం.

పన్నెండు గంటల ముల్లు చోటును ప్రత్యేకంగా వెతకండి. మన దేశంలో వెండి రూపాయలకు కొక్కెం అతికించి హారాల్లో వేసుకోవడం మామూలు. కొక్కెం ఊడదీశాక అక్కడ టంకం మరక మిగులుతుంది, లేదా అంచు మీది గీట్లు మూడు నాలుగు మాయమవుతాయి. బెజ్జం పూడ్చిన నాణేలకు కిరీటం పైన అక్షరాల మధ్య రంగు కొద్దిగా వేరుగా ఉంటుంది. అంచు ఫొటో ఎవరూ పెట్టరు, అడిగి తీసుకోవాలి. ఇంకొకటి షరాబు గుర్తు. వెండి మంచిదో కాదో చూడటానికి షరాబులు కొట్టిన చిన్న చిన్న ముద్రలు. ఆర్కాటు టంకశాల పేరుతో వచ్చిన పాత రూపాయల మీద ఇవి దాదాపు ఊరేగింపులా ఉంటాయి, వాటిని కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోరు. విక్టోరియా రూపాయి మీద ఒక్కటున్నా ధర పడిపోతుంది. ఆర్కాటు రూపాయల్లో చాలా వరకు మన చెన్నై టంకశాల సరుకే. 1869లో ఆ టంకశాల మూతపడ్డా మింట్ స్ట్రీట్ పేరు, తమిళంలో తంగసాలై అనే పేరు మిగిలాయి. చేత్తో కొట్టిన పాత ఆర్కాటు రూపాయల్లో బిళ్ల కన్నా అచ్చు పెద్దది కావడంతో మాటలన్నీ సాధారణంగా పూర్తిగా పడవు. గ్రేడు లెక్కే వేరు. రెండేళ్లు ఆగి అటు వెళ్లండి.

మీ 1862 మీద ఒక మాట. ఆ తేదీ చూసి అపురూపం అనుకోకండి. 1874 దాకా రూపాయల మీద 1862నే వేస్తూ వచ్చారు. బొరుసు వైపు తేదీ కిందా, కొన్నిటికి పైనా ఉండే చుక్కల లెక్కను బట్టి రకాలు విడదీస్తారు. మామూలు రకానికీ అరుదైన రకానికీ మధ్య ధర చాలా మారుతుంది. కేటలాగులో చుక్కల సంఖ్య రాయకపోతే మీరే భూతద్దంతో ఫొటోలో లెక్కపెట్టండి. 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం సరిపోతుంది. మీ దగ్గరున్న నాణెం చుక్కలు ఇప్పుడే లెక్కపెట్టి చూడండి. తోమిన నాణెమైనా రకం మంచిదైతే పెట్టిన డబ్బు కొంత గిట్టుబాటవుతుంది.

వెండి పరీక్ష ఇలా చేయండి. 0.01 గ్రాము చూపే డిజిటల్ తక్కెడ తీసుకోండి. ఫ్యాను, ఏసీ ఆపండి, గాలికి అంకె ఊగుతుంది. నాణెం తూకం రాసుకోండి. తర్వాత చిన్న గ్లాసులో నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గ్లాసును తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు తక్కెడ చూపే అంకెతో మొదటి తూకాన్ని భాగించండి. అసలు రూపాయికి జవాబు 10.3 చుట్టూ రావాలి. మీ 11.52 గ్రాముల నాణేనికి నీళ్లలో అంకె 1.11 లేదా 1.12 రావాలి. 1.20 దాటితే అనుమానించండి. 1.29కి వస్తే అది రాగి, నికెల్ కలిపిన సరుకే అయ్యుండాలి. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి మంచి వెండి కూడా చెడ్డగా కనిపిస్తుంది. లిక్విడ్ చుక్క అందుకే. మూడుసార్లు చేసి సగటు తీయండి.

షావుకారుపేట వెండి షాపుల్లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-రేతో లోహాన్ని పరీక్షించే) మిషన్ మీద నిమిషంలో శాతం చెప్పేస్తారు. మంచిదే గానీ అది పైపొరను మాత్రమే చదువుతుంది. వెండి పూత పూసిన నకిలీ అక్కడ పాసై నీళ్ల గ్లాసులో దొరికిపోతుంది. మిషన్ మీద పెట్టేముందు ‘గీకొద్దు, ఆకురాయి పెట్టొద్దు’ అని రెండుసార్లు చెప్పండి. వాళ్లకది వెండి ముక్క, మీకు నాణెం. నేలకేసి మోగించి చూడటం మాత్రం వద్దు, అంచు నొక్కుకుపోతుంది. అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, వెండి అంటుకోదు. అంటుకునే 1947 రూపాయి నకిలీ కాదు, అది నికెల్‌తోనే కొట్టినది. దాన్ని వెండి అని అమ్మేవాళ్లూ ఉన్నారు. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయలు అదే తూకం తూగినా వెండి సగమే. యుద్ధకాలంలో వెండి 50 శాతానికి దించి రాగి 40, నికెల్ 5, జింకు 5 శాతం కలిపారు. వాటికి నీళ్ల లెక్కలో 9.5 చుట్టూ వస్తుంది. కాబట్టి నకిలీ అని తేల్చేముందు తేదీ చూడండి. పోత పోసిన నకిలీల మీద సూది గుచ్చినట్టు గుంటలు, మెత్తబడ్డ అక్షరాలు, అంచు మీద అతుకు గీత ఉంటాయి. అచ్చు కొట్టిన నకిలీలను పట్టుకోవడం కష్టం. వేలంలో రెండు వేర్వేరు లాట్లలో (విడివిడిగా అమ్మకానికి పెట్టిన సరుకుల్లో) ఒకే చోట ఒకే గీత, ఒకే నొక్కు కనిపిస్తే రెండూ ఒకే తల్లి పిల్లలే. 1939 రూపాయి అరుదు, తేదీ దిద్దినవి తిరుగుతుంటాయి, ఇప్పట్లో దాని జోలికి పోకండి. 1911 ‘పంది రూపాయి’కి కూడా నకిలీలున్నాయి. రాజుగారి హారంలో ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని గొడవై, 1912లో బొమ్మ మార్చారు.

ఇప్పుడు బిల్లు సంగతి. మీరు 3,600కు పాడారు. 15 శాతం బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల నుంచి వేలంసంస్థ తీసుకునే రుసుము) 540, దాని మీద 18 శాతం జీఎస్టీ 97.20, పోస్టు 150. కలిపితే 4,387. లెక్క సరిపోయింది, ఇందులో దాపరికం లేదు. పాడేటప్పుడు వెనక్కి లెక్కేసుకోవాలి. ఒక నాణేనికి అన్నీ కలిపి 5,000 మించి పెట్టకూడదనుకుంటే, పోస్టు 150 తీసేసి, మిగిలిన 4,850ని 1.177తో (పాట 1, ప్రీమియం, దాని జీఎస్టీ కలిపి 0.177) భాగించండి. 4,120 వస్తుంది. అంటే మీ ఆఖరి పాట 4,100. కొన్ని వేలంసంస్థలు నాణెం ధర మీద కూడా పన్ను వేస్తాయి, ప్రీమియం శాతమూ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. షరతుల పేజీలో ఈ రెండూ చూశాకే పేరు నమోదు చేసుకోండి. ఆ గరిష్ఠ మొత్తాన్ని ముందే పెట్టేసి లేచి వెళ్లిపోవడం మంచిది. చివరి నిమిషంలో ఎవరైనా పాడితే సమయం పొడిగించే వేలాల్లో కూర్చుంటే చెయ్యి ఆగదు.

కింది హద్దు వెండి విలువ. 91.67 శాతం రూపాయిలో శుద్ధ వెండి 10.69 గ్రాములు, యుద్ధకాలపు రూపాయిలో 5.83. ఆరోజు గ్రాము ధరతో గుణించండి. 1916 నుంచి 1920 దాకా వచ్చిన జార్జి రూపాయలు కోట్ల కొద్దీ కొట్టినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశానికి వెండి చాలక, 1918 పిట్‌మన్ చట్టం కింద అమెరికా తన ఖజానాలోని వెండి డాలర్లు కరిగించి అమ్మితే ఇక్కడ రూపాయలు కొట్టారు. అలాంటివి వీఎఫ్‌లో వెండి విలువకు కొంచెం పైన దొరికితే చాలు, అంతకు మించి పెట్టడం దండగ. అదే తేదీ మెరుపు చెదరని నాణెమైతే మూడు నాలుగు రెట్లు పెట్టడానికి వెనకాడక్కర్లేదు. ఒక ఏయూ కొనడం అయిదు తోమిన ఎక్స్‌ఎఫ్‌ల కన్నా మేలు.

తిరిగి పంపే విషయం. ‘నచ్చలేదు’ అని రాస్తే ఎవరూ తీసుకోరు. ‘వివరణలో శుభ్రం చేసినట్టు రాయలేదు, ఇదిగో ఒకే దిక్కు గీతలు, తూకం 11.52’ అని, వంచి తీసిన వీడియోతో, షరతుల్లో ఇచ్చిన గడువులోపు రాయండి. ఈలోపు నాణేన్ని కడగొద్దు, తుడవొద్దు. గుత్త లాట్లు, అంటే చాలా నాణేలు కలిపి ఒకే లాటుగా అమ్మినవి, చాలాచోట్ల వాపసు తీసుకోరు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇకమీదట కవరు విప్పడం మొదలు తక్కెడ మీద అంకె దాకా ఒకే వీడియోగా, ఆపకుండా తీయండి.

అమెరికా పంపడం కుదరదు. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్లు నిండిన నాణెం పురావస్తువు. సొంతానికి పంపినా, గ్రేడు చేయించి తెప్పించుకుంటానన్నా అది ఎగుమతే, ప్రైవేటు వ్యక్తులు చేయకూడదు. మీ 1862కే కాదు, 1920 రూపాయికీ ఇదే వర్తిస్తుంది. ఎన్‌జీసీ, పీసీజీఎస్ అనే అమెరికా గ్రేడింగ్ సంస్థల పెట్టెల్లో సీలు వేసిన నాణేలు ఇక్కడి వేలాల్లోనూ వస్తాయి. పెట్టె మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడి ఫొటోతో నాణెం మీది గీతలను పోల్చండి. పెట్టెలకూ నకిలీలున్నాయి. అసలు పెట్టెలో కూడా అంకె బదులు ‘డీటెయిల్స్, క్లీన్‌డ్’ అని ఉంటే అది మీ నాణేనికి చుట్టమే.

అమ్మమ్మగారి నాణెం పూజలో పెట్టుకోండి. ఈస్టిండియా కంపెనీ రామ దర్బారు బొమ్మతో నాణెం ఎప్పుడూ వేయలేదు. 1818లో కంపెనీ వెండి రూపాయల మీద మొగలు పాదుషా పేరు పారశీక భాషలో ఉండేది. ఇంగ్లాండు రాజు బొమ్మ రూపాయి మీదికి 1835లోనే వచ్చింది. మీ దగ్గరున్నది గుళ్ల దగ్గర, తిరునాళ్లలో అమ్మే బిళ్ల. 1616, 1717 తేదీలతోనూ దొరుకుతాయి. లక్షలిస్తామని ఫోన్ చేసేవాళ్లు ముందు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడుగుతారు. తన పేరు వాడి ఇలా ఫీజులు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. బియ్యాన్ని లాగే నాణేలంటూ వచ్చేవాళ్లదీ ఇదే కుటుంబం.

తోమిన రూపాయిని ఇక తోమకండి. జిడ్డు, ప్లాస్టిక్ కవరు వదిలిన పచ్చటి బంక ఉంటే శుద్ధ అసిటోన్‌లో ఐదు నిమిషాలు ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి. గోళ్ల రంగు తుడిచే ద్రావణం పనికిరాదు, అందులో నూనెలు కలుపుతారు. పీవీసీ ఆల్బములు వద్దు, మైలార్ కవర్లో లేదా లోపల 31 మిల్లీమీటర్లు ఉండే గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టండి. చెన్నై గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ కనుక సిలికా జెల్ పొట్లం తోడుండాలి, అది తడిస్తే మార్చాలి. రబ్బరు బ్యాండు, న్యూస్ పేపరు, సాంబ్రాణి పొగ దగ్గరికి రానివ్వకండి.

ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. శుక్రవారం సెలవు. ఈ ఆదివారం వెళ్లి, అద్దం వెనక మెరుపు ఎలా తిరుగుతుందో, పాత వెండి నలుపు ఎలా ఉంటుందో గంటసేపు చూసి రండి. తర్వాతి వేలం కేటలాగు దానికి ముందు తెరవకండి.